ఇకా లోయ: వాన కురవని నేలపై ఎగుమతి సేద్యం, భూగర్భ జలాల లెక్క

దక్షిణ అమెరికా పడమటి తీరాన, పెరూ రాజధాని లిమాకు దక్షిణంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఇకా నగరం ఉంది. సముద్ర మట్టానికి రమారమి 400 మీటర్ల ఎత్తులో, ఒకవైపు ఆండీస్ పర్వతాల పాదాలు, మరొకవైపు ఇసుక దిబ్బల మధ్య సన్నగా సాగిన లోయలో ఈ నగరం వెలసింది. ఏడాది పొడవునా కురిసే వాన మొత్తం కొన్ని మిల్లీమీటర్లకు మించదు. పసిఫిక్ తీరం వెంబడి ప్రవహించే హంబోల్ట్ శీతల ప్రవాహం గాలిని చల్లబరచి మేఘాలు పైకి ఎదగకుండా నిలిపివేస్తుంది. తూర్పు నుంచి వచ్చే తేమను ఆండీస్ శ్రేణి అడ్డుకుంటుంది. ఈ రెండు కారణాల వల్ల ప్రపంచంలోని అత్యంత పొడి ప్రాంతాలలో ఇకా ఒకటిగా నిలిచింది. అయినప్పటికీ ఈ లోయ నుంచి తాజా ఆస్పరాగస్, ద్రాక్ష, అవకాడో, నారింజ జాతి పండ్లు, ఉల్లి అమెరికాకు, ఐరోపాకు, ఆసియా దేశాలకు నిత్యం తరలిపోతున్నాయి.

వాన లేని చోట ఇంత పంటకు నీరు ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం నేల అడుగున ఉంది. లోయ కింద పరచుకున్న కంకర, ఇసుక పొరల్లో వేల సంవత్సరాలుగా నదీజలం ఇంకి భూగర్భ జలాశయంగా ఏర్పడింది. నగర ప్రజలు తాగే నీటికీ బోరుబావులే ఆధారం. పొలాలకూ పట్టణానికీ జలాశయం ఒక్కటే కావడం వల్ల, ఇక్కడి సాగు నీటి సమస్య నేరుగా తాగు నీటి సమస్యగా మారుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇకాను ప్రత్యేకంగా పరిశీలించవలసిన కారణం మరొకటి ఉంది. భూగర్భ జలాలు తగ్గుతున్న ప్రతిచోటా మొదట సూచించే పరిష్కారం బిందు సేద్యం. ఇకాలోని ఎగుమతి తోటలన్నీ దాదాపు ఆరంభం నుంచీ బిందు సేద్యంతోనే సాగుతున్నాయి. నీటి కొలతలు, ఎరువులను నీటితో కలిపి అందించడం, తేమ పరిశీలన వంటి పద్ధతుల్లో అవి ఏ దేశపు తోటలకూ తీసిపోవు. ఆ తోటలు విస్తరించిన కాలంలోనే లోయలో జలమట్టం ఎన్నడూ లేనంత వేగంగా పడిపోయింది.

నగరం, నది, కాలువ

స్పెయిన్ పాలనలో 1563లో హెరోనిమో లూయిస్ దె కాబ్రేరా ఇకా పట్టణాన్ని స్థాపించాడు. పదేళ్ల తరువాత అర్జెంటీనాలోని కోర్డోబా నగరానికి పునాది వేసినవాడు కూడా ఇతడే. భూకంపాల వల్ల తొలినాళ్లలో పట్టణం చోటు మారింది. భూకంప భయం నేటికీ తొలగలేదు. 2007 ఆగస్టు 15న వచ్చిన భూకంపం పొరుగున ఉన్న పిస్కో పట్టణాన్ని నేలమట్టం చేసి, ఇకాలోనూ వేలాది మట్టి ఇళ్లను, ప్రసిద్ధమైన లురెన్ ఆలయాన్ని దెబ్బతీసింది. 2017 జనగణన నాటికి ఇకా పరిపాలనా ప్రాంతం మొత్తం జనాభా ఎనిమిదిన్నర లక్షలు. అందులో దాదాపు సగం మంది ఇకా నగరం, దాని చుట్టుపక్కల ఉన్న రాష్ట్రకంలోనే నివసిస్తున్నారు.

ఇకా నది ఏడాదిలో అధిక భాగం ఎండిపోయి ఉంటుంది. ఆండీస్ పైభాగాన వానలు కురిసే జనవరి నుంచి మార్చి వరకు మాత్రమే అందులో నీరు పారుతుంది. ఆ వారాల్లో వచ్చే వరద బురద రంగులో, ఒండ్రుతో నిండి ఉంటుంది. 1998 జనవరిలో ఎల్ నీన్యో ప్రభావంతో వచ్చిన వరద నగరాన్నే ముంచెత్తింది. ఎడారి నగరం నీట మునగడం వింతగా తోచవచ్చు. నదిని ఏడాదిలో తొమ్మిది నెలలు చూడని ఊరు నదీగర్భాన్ని ఆక్రమించుకోవడంలో మాత్రం వింత ఏమీ లేదు.

ఈ కొద్ది వారాల నీటిని పట్టుకోవడమే లోయలోని ప్రాచీన వ్యవసాయానికి మూలం. నది ఎడమ గట్టు నుంచి మొదలై లోయ తూర్పు అంచు వెంబడి సాగే అచిరానా కాలువ స్పానిష్ పాలనకు పూర్వపు నిర్మాణం. ఇంకా చక్రవర్తి పచకుతెక్ ఒక యువతి కోరిక మేరకు దీనిని పది రోజుల్లో తవ్వించాడని స్థానిక ఐతిహ్యం. పెరూ రచయిత రికార్డో పాల్మా ఈ కథను తన రచనల్లో చేర్చి దేశమంతటికీ పరిచయం చేశాడు. కాలువ కింది రైతులు వరద వచ్చినపుడు పొలాల చుట్టూ ఎత్తైన గట్లు కట్టి నిండుగా నీరు నిలిపేవారు. ఒండ్రు పైన పేరుకుని భూసారం పెరిగేది. నేల లోతు వరకు నానేది. ఆ తేమతోనే పత్తి, మొక్కజొన్న, ఇకా ప్రాంతానికే పేరు తెచ్చిన పాయార్ అనే లీమా చిక్కుడు వంటి పంటలు చేతికి వచ్చేవి. చాలనప్పుడు లోతు తక్కువ బావుల నుంచి ఒకటి రెండు తడులు ఇచ్చేవారు.

ఈ పద్ధతిని ఇంజనీర్లు చాలా కాలం నీటి వృథాగానే పరిగణించారు. పంట వేళ్లకు అందే దానికంటే ఎన్నో రెట్ల నీరు పొలంలో నిలిచి ఉండేది. అయితే వేళ్లను దాటి దిగిన నీరు ఎక్కడికీ పోలేదు. కంకర పొరల్లో చేరి, తరువాతి నెలల్లో కింది ఊళ్ల బావుల్లో పైకి వచ్చేది. వరద కాలువలు, గట్లు కట్టిన పొలాలు లోయకు వేల హెక్టార్ల ఊట చెరువుగా పనిచేశాయి. దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు గనుక ఏ లెక్కలోనూ అది కనిపించలేదు.

వరాంగో చెట్టు

లోయలోని ప్రాచీన వృక్షాల్లో వరాంగో ముఖ్యమైనది. ఇది ప్రొసోపిస్ ప్రజాతికి చెందినది. తెలుగు నేలపై పూజలందుకునే జమ్మి చెట్టుకు, పొలాలను ఆక్రమించి తలనొప్పిగా మారిన సర్కారు తుమ్మకు ఇది దగ్గరి బంధువు. దీని వేళ్లు ఎంతో లోతుకు దిగి భూగర్భ జలాన్ని అందుకుంటాయి. ఆకులు పొగమంచు తేమను పట్టి నేలకు చేరుస్తాయి. కాయలు మనుషులకూ పశువులకూ ఆహారం. కాయల పిండి, పాకం నేటికీ ఇకా సంతల్లో లభిస్తాయి.

దిగువ ఇకా లోయలో డేవిడ్ బెరెస్‌ఫర్డ్ జోన్స్ బృందం జరిపి 2009లో ప్రచురించిన పురావస్తు పరిశోధన ఈ చెట్టుకు కొత్త ప్రాముఖ్యం తెచ్చింది. నాస్కా కాలపు ప్రజలు పంట భూముల కోసం వరాంగో అడవులను క్రమంగా నరికివేశారని, ఆ తరువాత వచ్చిన భారీ వరదలకు నేలను పట్టి ఉంచే వేళ్లు లేక గట్లు, కాలువలు కొట్టుకుపోయి సాగు నిలిచిపోయిందని పుప్పొడి అవశేషాల ఆధారంగా ఆ బృందం వివరించింది. మిగిలిన చెట్లను ఆధునిక కాలంలో బొగ్గు కోసం నరుకుతున్నారు. పెరూ నగరాల్లో నిప్పులపై కాల్చిన కోడిమాంసం అమ్మే హోటళ్లకు ఈ బొగ్గు ప్రీతిపాత్రం. సర్కారు తుమ్మ బొగ్గు బట్టీలను చూసిన వారికి ఈ దృశ్యం కొత్తది కాదు. తేడా ఒక్కటే. అక్కడ నరుకుతున్నది స్థానిక వృక్షం. అది నరికినంత వేగంగా తిరిగి మొలవడం లేదు.

పత్తి నుంచి ఆస్పరాగస్ వరకు

ఇరవయ్యో శతాబ్దంలో ఇకా ప్రధానంగా పత్తి లోయ. వడలు తెగులు పత్తి తోటలను నాశనం చేస్తున్న దశలో, పోర్టోరికో నుంచి వచ్చి పొరుగున ఉన్న పిస్కో లోయలో స్థిరపడిన ఫెర్మిన్ తంగ్విస్ అనే రైతు, తెగులు సోకిన చేలలో బతికి నిలిచిన మొక్కలను ఏళ్ల తరబడి ఎంపిక చేసి ఒక కొత్త రకాన్ని రూపొందించాడు. పొడవు పింజ గల ఆ తంగ్విస్ పత్తి పెరూ తీరం అంతటా వ్యాపించింది. ఇకాకు ఉత్తరాన రమారమి 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాన్యెతె లోయ పేరు సస్యరక్షణ విద్యార్థులకు పరిచితమే. పురుగు మందుల మితిమీరిన వాడకం వల్ల 1950వ దశకంలో పత్తి సాగు కుప్పకూలి, సమగ్ర సస్యరక్షణ చరిత్రలో తొలి పాఠంగా నిలిచినది ఆ లోయే.

పత్తికి నీరు పెంచే ఉద్దేశంతో 1950వ దశకంలో ఆండీస్ శిఖర ప్రాంతంలోని చోక్లోకోచా సరస్సు నీటిని ఇకా నదిలోకి మళ్లించారు. సహజంగా ఆ నీరు పంపాస్ నది ద్వారా అమెజాన్‌ను చేరి అట్లాంటిక్ వైపు పోవలసినది. కాలువ, సొరంగం ద్వారా ఖండ జలవిభాజకాన్ని దాటించి 1959 నుంచి పసిఫిక్ వైపు పారించారు. సరస్సు ఉన్న వాంకవెలికా ప్రాంతం పెరూలో అత్యంత పేద ప్రాంతాల్లో ఒకటి. ఈ విషయం తరువాత మరల ప్రస్తావనకు వస్తుంది.

1969లో సైనిక పాలకుడు వెలాస్కో ప్రభుత్వం భూసంస్కరణ చట్టం తెచ్చి పెద్ద ఎస్టేట్లను సహకార సంఘాలకు అప్పగించింది. 1980వ దశకంలో సంఘాలు విచ్ఛిన్నమై భూమి కొద్ది హెక్టార్ల కమతాలుగా సభ్యులకు పంపిణీ అయింది. ఫుజిమోరి పాలన తొలి ఏళ్లలో వ్యవసాయ బ్యాంకు మూతపడింది. పెట్టుబడి దొరకని చిన్న రైతు పత్తిని కొనసాగించలేక, 1995 నాటి భూచట్టం కమత పరిమితులను తొలగించిన తరువాత భూమిని అమ్ముకోవడం మొదలుపెట్టాడు. కొన్నవారు ఎగుమతి సంస్థలు. మాదక ద్రవ్యాల పంటలకు ప్రత్యామ్నాయం చూపే పేరిట అమెరికా 1991లో ఆండీస్ దేశాలకు ఇచ్చిన సుంకాల మినహాయింపు ఆస్పరాగస్‌కు మార్కెట్ తెరిచింది. 2000లో వచ్చిన 27360వ నంబరు చట్టం ఈ సంస్థలకు పన్ను రాయితీలు, కార్మిక నిబంధనల్లో సడలింపులు ఇచ్చింది.

ఆస్పరాగస్, మన పిల్లిపీచర లేదా శతావరి ప్రజాతికే చెందిన బహువార్షిక మొక్క. నేల నుంచి వచ్చే లేత మొలకలను కూరగా తింటారు. శీతల దేశాల్లో చలికాలపు నిద్రావస్థ తరువాత వసంతంలో ఒక్కసారి మాత్రమే మొలకలు కోస్తారు. ఇకాలో చలికాలం నామమాత్రం. వాన లేదు గనుక నేలలో తేమ పూర్తిగా రైతు చేతిలో ఉంటుంది. నీరు ఆపితే మొక్క పైభాగం పండి నిద్రావస్థకు చేరుతుంది. మరల నీరు ఇస్తే మొలకలు వస్తాయి. ఈ విధంగా ఒకే తోట నుంచి ఏడాదికి రెండు కోతలు తీస్తారు. తోటలను భాగాలుగా చేసి ఒక్కొక్క భాగానికి వేర్వేరు తేదీల్లో నీరు ఆపడం వల్ల సంవత్సరం పొడవునా కోత సాగుతుంది. ఉత్తరార్ధగోళంలో మొలకలు దొరకని నెలల్లో ఇకా సరుకు విమానాల్లో అక్కడికి చేరుతుంది.

శాస్త్రదృష్ట్యా ఇది మెచ్చదగిన సాగు విధానమే. కాని దీని మరొక పార్శ్వం నీటి అవసరం. ఒకసారి నాటిన తోట ఎనిమిది, పదేళ్లు నిలుస్తుంది. పత్తి వలె వరద వచ్చిన ఏడాది ఎక్కువ, రాని ఏడాది తక్కువ విస్తీర్ణంలో వేసే వెసులుబాటు దీనికి లేదు. కరువు ఏడాదిలోనూ మొక్కను బతికించాలి. వరద బురద నీరు బిందు సేద్యపు గొట్టాలకు పనికిరాదు. అందువల్ల నది పక్కనే పారుతున్నా తోట బోరు నీటినే కోరుతుంది.

బిందు సేద్యం, జలమట్టం

బిందు సేద్యం ఉన్నప్పటికీ జలమట్టం ఎందుకు పడిపోయింది? దీనికి సమాధానం పొలం స్థాయి సామర్థ్యానికీ లోయ స్థాయి సామర్థ్యానికీ గల తేడాలో ఉంది. ఒక ఊహాజనిత లెక్కతో దీనిని సులభంగా గ్రహించవచ్చు. ఒక రైతు బోరు నుంచి 100 పాళ్ల నీరు తోడి పారుదల పద్ధతిలో పంటకు పెట్టాడని అనుకుందాం. పంట 55 పాళ్లు వాడుకుంది, 10 పాళ్లు ఆవిరయ్యాయి, 35 పాళ్లు నేలలోకి దిగి తిరిగి భూగర్భ జలంలో కలిశాయి. జలాశయం నుంచి నికరంగా పోయినవి 65 పాళ్లే. అదే రైతు బిందు సేద్యానికి మారి 70 పాళ్లే తోడాడు. పంట 63 పాళ్లు వాడుకుంది, 2 పాళ్లు ఆవిరయ్యాయి, తిరిగి దిగినవి 5 పాళ్లు. నికర వ్యయం ఈసారి కూడా 65 పాళ్లే. పంపు మీటరులో 30 పాళ్ల ఆదా కనిపించింది, పంటకు అందే నీరు పెరిగి దిగుబడీ పెరిగింది. జలాశయానికి మాత్రం దక్కినది ఏమీ లేదు.

కథ ఇక్కడితో ఆగదు. ఆదా అయిన 30 పాళ్లను రైతు పక్కనే ఉన్న బీడులో బిందు సేద్యానికి పెడితే, అందులో మరో 28 పాళ్లు నికరంగా ఖర్చవుతాయి. తోడిన నీరు మునుపటి 100 పాళ్లే. జలాశయం కోల్పోయినది 65 నుంచి 93 పాళ్లకు చేరింది. ఇకాలో జరిగినది స్థూలంగా ఇదే. పూర్వం కాలువ పారకం లేని ఎత్తు నేలలు, ఇసుక దిబ్బల అంచులు బిందు గొట్టాల వల్లే సాగులోకి వచ్చాయి. మట్టం చదును చేయనవసరం లేదు, ఇసుక నేలకు ఎరువును నీటితోనే ఇవ్వవచ్చు. దానికి తోడు, కాలువ కింద వరద నీరు నిలిపే పొలాలు తోటలుగా మారినకొద్దీ జలాశయానికి ఏటా దక్కే భర్తీ తగ్గిపోయింది. తోడుకోవడం పెరగడం, ఇంకడం తగ్గడం ఒకేసారి జరిగాయి.

పెరూ జాతీయ జల ప్రాధికార సంస్థ అంచనాల ప్రకారం ఇకా లోయలో తోడుకునే నీరు ఏటా జరిగే పునర్భరణాన్ని బాగా మించిపోయింది. నగరానికి వాయవ్యంగా ఉన్న విల్యాకురి మైదానంలో పరిస్థితి మరింత తీవ్రం. అక్కడ నది లేదు, పూర్వపు సాగు లేదు. ఎడారిలో బోర్ల మీదనే తోటలు వెలిశాయి. అక్కడ తోడుకునే నీరు భర్తీకి మూడు రెట్లకు పైగా ఉన్నట్లు లెక్క తేలింది. కొన్ని చోట్ల జలమట్టం ఏటా ఒక మీటరుకు పైగా దిగింది. మట్టం దిగినకొద్దీ కొన్ని బావుల్లో ఉప్పు శాతం పెరిగింది.

ఉప్పు విషయంలో ఒక సాంకేతిక అంశం గమనించదగినది. బిందు సేద్యంలో తడిసిన నేల అంచున లవణాలు పేరుకుంటాయి. అనంతపురం వంటి పొడి జిల్లాలోనూ ఏటా కురిసే 500 మిల్లీమీటర్లకు పైబడిన వాన వాటిని కొంతవరకైనా కడిగివేస్తుంది. ఇకాలో ఆ అవకాశం లేదు. లవణాలను కిందికి దింపడానికి రైతు ప్రత్యేకంగా అదనపు నీరు పెట్టవలసిందే. బిందు సేద్యపు ఆదాలో కొంత భాగం ఆ విధంగానూ కరిగిపోతుంది. తెలుగు ప్రాంతాల్లో ఇకా అంకెలను యథాతథంగా వర్తింపజేయరాదనడానికి ఇదొక కారణం. రెండో కారణం నేల స్వభావం. ఇకాలో లోతైన కంకర పొరలు ఎన్నో ఏళ్ల నీటిని దాచి ఉంచుతాయి గనుక తప్పు బయటపడటానికి దశాబ్దాలు పట్టింది. రాయలసీమ, తెలంగాణ గట్టి రాతి నేలల్లో నిల్వ తక్కువ. అక్కడ లెక్క తప్పితే రెండు మూడు వేసవుల్లోనే బోరు చెబుతుంది.

బావి ఎవరి చేతిలో ఉంది

2008, 2009 సంవత్సరాల్లో ప్రభుత్వం ఇకా, విల్యాకురి, లాంచాస్ జలాశయాల్లో కొత్త బావులను నిషేధించింది. 2009లో వచ్చిన జలవనరుల చట్టం నీరు జాతి సొత్తని, వాడుకునే హక్కుకు అనుమతి తప్పనిసరి అని ప్రకటించింది. నిషేధం కాగితంపై కట్టుదిట్టంగానే ఉంది. ఆచరణలో అది పాత బావికి విలువ పెంచింది. కొత్త బావికి అనుమతి రాదు గనుక, అనుమతి ఉన్న చిన్న రైతుల బావులను పెద్ద తోటలు కొనుక్కున్నాయి. కొన్న బావిని లోతు చేసి, శక్తిమంతమైన మోటారు బిగించి, ఆ నీటిని గొట్టాల ద్వారా కిలోమీటర్ల దూరంలోని తోటలకు తరలించారు. రికార్డులో బావుల సంఖ్య పెరగలేదు. బావి చుట్టూ ఉన్న పాత పొలాలు మాత్రం బీళ్లయ్యాయి. పక్క రైతు చేతితో తవ్వుకున్న బావి ఎండిపోతే, దానిని లోతు చేయడానికి అతనికి పెట్టుబడి లేదు. అచిరానా కాలువ ఆయకట్టుపై దీర్ఘకాలం పరిశోధించిన మరియా తెరెసా ఓరే, ఉమ్మడి వనరుగా ఉన్న నీరు క్రమంగా ప్రైవేటు అదుపులోకి వెళ్లిన తీరును 2005లో వెలువడిన తన గ్రంథంలో వివరించింది.

రుణదాతల బాధ్యత కూడా ఈ సందర్భంలో చర్చకు వచ్చింది. ప్రపంచ బ్యాంకు సమూహానికి చెందిన అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ లోయలోని ఒక ఎగుమతి సంస్థకు ఇచ్చిన రుణాలపై 2009లో ఫిర్యాదు రాగా, ఆ సమూహపు సొంత పరిశీలనా విభాగమే విచారణ జరిపి 2011లో నివేదిక ప్రచురించింది. భూగర్భ జలాలపై పడే ప్రభావాన్ని తగినంతగా అంచనా వేయకుండానే రుణ ప్రక్రియ ముందుకు సాగిందని ఆ నివేదిక తప్పుపట్టింది.

పైభాగపు ప్రజలు

లోయలో నీరు చాలకపోయేసరికి దృష్టి మరల పర్వతాల వైపు మళ్లింది. చోక్లోకోచా మళ్లింపును విస్తరించి ఇంగవాసి ప్రాంతపు వాగులను కూడా కొత్త కాలువతో ఇకాకు చేర్చాలన్న పథకం సిద్ధమైంది. నాలుగు వేల మీటర్లకు పైబడిన ఆ ఎత్తుల్లో పంట పండదు. అల్పాకా, లామా మందలే జీవనాధారం. ఆ పశువులు మేసేది బోఫెదాల్ అనే పచ్చిక చిత్తడి నేలల్లో. పై నుంచి ఊరే సన్నని నీటిధారలతో అవి ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. వాగును కాలువలోకి మళ్లిస్తే చిత్తడి ఎండి, గడ్డి స్వభావం మారి, మంద తరిగిపోతుంది. కార్వాంచో గ్రామ సముదాయం ఈ పథకాన్ని వ్యతిరేకించి, తన వాదనను 2007లో లాటిన్ అమెరికా జల న్యాయస్థానం ఎదుట ఉంచింది. దానికి చట్టపరమైన అధికారం లేకపోయినా, పైభాగపు వారి నష్టం దేశ స్థాయిలో చర్చకు రావడానికి అది తోడ్పడింది. లోయ రైతు దృష్టిలో పర్వతం నుంచి దిగే నీరు వృథాగా అమెజాన్‌కు పోతున్న నీరు. కొండ మీది కాపరికి అదే మేత. ఆయకట్టు చివరి రైతుకూ మొదటి రైతుకూ మధ్య జరిగే వాదాన్ని ఇది గుర్తుకు తెస్తుంది. వ్యత్యాసమేమంటే, ఇక్కడ నష్టపోయేవారు పరీవాహక ప్రాంతం ఆవలి వైపు వారు, వేరే పరిపాలనా ప్రాంతం వారు.

ఆ కొండ ప్రాంతాల ప్రజలే ఇకా తోటలకు కూలీలు కూడా. 1980వ దశకంలో అయకూచో, వాంకవెలికాలలో చెలరేగిన అంతర్యుద్ధ హింస నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు, ఆ తరువాత పని వెతుక్కుంటూ వచ్చినవారు నగరం చుట్టూ ఇసుక నేలలపై కాలనీలు వేసుకున్నారు. పత్తి ఏడాదిలో కొన్ని నెలలే పని ఇచ్చేది. ఆస్పరాగస్, ద్రాక్ష తోటలు ఏడాది పొడవునా వేలాది మందికి, ముఖ్యంగా స్త్రీలకు పని కల్పించాయన్నది కాదనలేని వాస్తవం. ఇకాలో నిరుద్యోగం తగ్గింది, పట్టణ వ్యాపారం పెరిగింది. ఎగుమతి సేద్యాన్ని కేవలం దోపిడీగా చిత్రించే రచనలు ఈ భాగాన్ని విస్మరిస్తాయి. అయితే 2020 నవంబరు చివరలో రోజుకు 39 సోళ్ల వేతనం చాలదంటూ కూలీలు దక్షిణ పాన్ అమెరికన్ రహదారిని దిగ్బంధించారు. ఆ మొత్తంలోనే బోనస్, ఉద్యోగ విరమణ పరిహారం వంటివి కలిపి లెక్కగట్టడం వారి ప్రధాన అభ్యంతరం. కొద్ది రోజుల్లోనే పార్లమెంటు 2000 నాటి చట్టాన్ని రద్దు చేసింది. ఆ ఏడాది డిసెంబరు చివరన దాని స్థానంలో 31110వ నంబరు చట్టం వచ్చింది. ఈ కూలీల కాలనీల్లో కొళాయి నీరు రోజులో కొద్ది గంటలే వస్తుంది, కొన్ని చోట్ల ట్యాంకర్లే దిక్కు.

తిరిగి ఇంకించే ప్రయత్నం

ఇటీవలి కాలంలో లోయలో పంటల మేళవింపు మారుతోంది. ఆస్పరాగస్ విస్తీర్ణం తగ్గి ద్రాక్ష, అవకాడో, బ్లూబెర్రీ, పీకన్ వంటి తోటలు పెరుగుతున్నాయి. విమాన రవాణా ఖర్చు, తోటలు ముదిరి దిగుబడి తగ్గడం, ఇతర దేశాల పోటీ ఇందుకు దోహదం చేశాయి. అమెరికా రేవుల్లో ఆస్పరాగస్‌కు తప్పనిసరి చేసిన మిథైల్ బ్రోమైడ్ ధూమీకరణ నిల్వ కాలాన్ని తగ్గించడం కూడా రైతుల చిరకాల ఫిర్యాదుగా ఉండేది. ద్రాక్షకు ఆస్పరాగస్ కంటే కొంత తక్కువ నీరు చాలు. అయినా అదీ ఏళ్ల తరబడి నిలిచే తోటే గనుక, కరువు ఏడాదిలో విస్తీర్ణం తగ్గించుకునే వెసులుబాటు మాత్రం తిరిగి రాలేదు.

జలాశయాన్ని తిరిగి నింపే పనిని భూగర్భ జల వినియోగదారుల సంఘం చేపట్టింది. జలాశయాన్ని అత్యధికంగా తోడిన పెద్ద తోటలే ఇందులో ప్రధాన సభ్యులు. జనవరి నుంచి మార్చి వరకు నదిలో వచ్చే వరదను అచిరానా కాలువ ద్వారా మళ్లించి, లోయ పైభాగంలో తవ్విన ఊట గుంటల్లో నింపుతున్నారు. పని సూత్రం తెలుగు గ్రామాల్లోని ఊట చెరువులదే. ఇబ్బంది కూడా అదే. వరద తెచ్చే ఒండ్రు గుంట అడుగున పొరగా పేరుకుని ఇంకే వేగాన్ని తగ్గిస్తుంది. తొలి గుంటలో బురద తేరనిచ్చి, తేరిన నీటిని తరువాతి గుంటలకు పంపడం, సీజను ముగిశాక అడుగు గీకి తీయడం తప్పనిసరి. పూర్వం ఆ ఒండ్రే పొలానికి ఎరువుగా ఉపయోగపడింది. ఇప్పుడు దానిని తొలగించడానికి యంత్రాలు, డబ్బు కావలసి వస్తోంది.

ఈ గుంటల సమీపంలోని బావుల్లో వరద సంవత్సరాల్లో నీటి మట్టం పెరుగుతుంది. వరద బలహీనంగా ఉన్న ఏడాది పెద్దగా ఇంకదు. పైగా నదే లేని విల్యాకురి మైదానానికి ఈ పద్ధతి వర్తించదు. అక్కడ తోడుకునే నీటిని తగ్గించడం లేదా దూరం నుంచి నీరు తేవడం అన్న రెండు మార్గాలే ఉన్నాయి. మొదటిదానికి తోటల యజమానులు, రెండోదానికి కొండ మీది కాపరులు ఒప్పుకోవాలి.

నగరానికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఎత్తైన ఇసుక దిబ్బల నడుమ వాకాచినా అనే చిన్న సరస్సు ఉంది. పెరూ యాభై సోళ్ల నోటు పాత డిజైన్లకంటే ఎక్కువగా పర్యాటకుల ఫోటోల ద్వారా ప్రపంచానికి తెలిసిన ఈ సరస్సు ఒకప్పుడు భూగర్భ జలం సహజంగా పైకి ఊరడం వల్లనే నిండి ఉండేది. జలమట్టం కిందికి దిగడంతో ఆ ఊట నిలిచిపోయింది. నేడు సరస్సు నిండుగా కనిపించడానికి అందులోకి మోటారుతో నీరు తోడి పోస్తున్నారు.